ఇంకో ఇద్దరయ్యాక మీరే

తిరుమలలో సర్వదర్శనానికి ఎంతసేపు పడుతుందో రోజూ పొద్దున్నే పేపర్లో వస్తుంది. ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయి, టోకెన్ లేని భక్తులకు ఎన్ని గంటలు పడుతోంది, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనానికి ఎంత, అన్నీ ఉంటాయి. పద్దెనిమిది గంటలని చదివి కూడా కొండెక్కేవాళ్లు ఎక్కుతారు, ఆగేవాళ్లు ఆగుతారు. నిరీక్షణ అక్కడ తక్కువేమీ కాదు. కాకపోతే దానికో లెక్క ఉంది, ఆ లెక్క అందరికీ తెలుస్తుంది. కొండ దిగి ఏ ఊళ్లోనైనా మోకాలి నొప్పితో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లి "ఎంతసేపు పడుతుందండీ" అని అడిగి చూడండి. కౌంటర్ వెనకున్న మనిషి తలెత్తకుండానే "కూర్చోండి, పిలుస్తాం" అంటాడు. గంట తర్వాత మళ్లీ అడిగితే "ఇంకో ఇద్దరయ్యాక మీరే." దేవుడి దగ్గర దొరికే సమాచారం డాక్టరు దగ్గర దొరకదు.

ఆసుపత్రుల్లో ఆలస్యం గురించి మాటొచ్చినప్పుడల్లా చర్చ రెండు ముక్కల దగ్గర ఆగిపోతుంది: జనం ఎక్కువ, డాక్టర్లు తక్కువ. రెండూ నిజమే. కానీ ఓపీ హాల్లో కూర్చున్న మనిషికి ఒళ్లు మండేది మూడు గంటలు కూర్చోబెట్టినందుకే కాదు, ఆ మూడు గంటల్లో ఎవరూ ఏమీ చెప్పనందుకు. ఈ చెప్పకపోవడం పాతకాలపు అలవాటుగా, ఎవరూ పట్టించుకోక మిగిలిపోయిన లోపంగా కనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే అంత అమాయకమైన సంగతి కాదు. చెప్పకపోవడం వల్ల కొందరికి పని జరుగుతోంది.

విజయవాడ సూర్యారావుపేట, గుంటూరు కొత్తపేట, నెల్లూరు పొగతోట. డాక్టర్ల బోర్డులతో నిండిపోయిన ఇలాంటి పేట ప్రతి పెద్ద ఊరికీ ఒకటి ఉంటుంది. పొద్దున ఏడింటికే అక్కడి టిఫిన్ బండ్ల దగ్గర జనం కనిపిస్తారు. చాలామంది పల్లెల నుంచి మొదటి బస్సుకు దిగినవాళ్లు. గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండాల్సిన స్పెషలిస్టుల్లో దేశం మొత్తమ్మీద దాదాపు 80 శాతం కొరత ఉందని కేంద్ర ఆరోగ్యశాఖ 2021-22 గణాంకాలే చెప్పాయి. కాబట్టి గుండెకో, నరాలకో, థైరాయిడ్‌కో డాక్టరు కావాలంటే బస్సెక్కక తప్పదు. బస్సెక్కి వచ్చినవాళ్ల బుర్రలో పొద్దుటి నుంచి ఒకటే తిరుగుతుంటుంది: సాయంత్రం చివరి బస్సు అందుతుందా?

హాల్లో ఇరవై కుర్చీలుంటే నలభై మంది ఉంటారు. ఒక్కో పేషెంటు వెంట ఒకరో ఇద్దరో తోడు. గోడమీద టీవీ ఉంటుంది. టోకెన్ నంబర్లు చూపించడానికని పెట్టిన టీవీలో మోకీళ్ల మార్పిడి ప్యాకేజీల ప్రకటన వస్తుంటుంది. డాక్టరు గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా నలుగురైదుగురు లేచి నిలబడి, పిలుపు తమది కాదని తెలిసి మళ్లీ కూర్చుంటారు. టీ తాగొద్దామంటే భయం, బాత్రూముకు వెళ్దామన్నా భయమే. పిలిచినప్పుడు లేకపోతే పేరు చివరికి పోతుంది. భుజానికి నల్ల బ్యాగులతో మెడికల్ రెప్‌లు తలుపు పక్కన నిలబడి ఉంటారు. ఇద్దరు పేషెంట్ల మధ్యలో ఒక రెప్ లోపలికి వెళ్లొస్తాడు. దగ్గుతున్న పిల్లల పక్కనే నెలలు నిండిన గర్భిణి. పన్నెండున్నరకు ఎవరో గొంతు పెంచుతారు. ఒక నర్సు బయటికొచ్చి "అరవకండి, లోపల సార్‌కి డిస్టర్బ్ అవుతుంది" అంటుంది. ఆ పూటకు హాల్లో వినిపించిన అధికారిక ప్రకటన అదొక్కటే.

క్యూల్లో నిలబడే మనుషుల మనసు గురించి డేవిడ్ మైస్టర్ అనే మేనేజ్‌మెంట్ నిపుణుడు 1985లో కొన్ని సూత్రాలు చెప్పాడు. ఎంతసేపో తెలియని నిరీక్షణ తెలిసిన నిరీక్షణ కంటే పొడుగ్గా అనిపిస్తుందని ఒకటి, కారణం చెప్పని ఆలస్యం చెప్పినదానికంటే బరువుగా ఉంటుందని ఇంకొకటి. రైల్వే ప్లాట్‌ఫాం మీద ఎప్పుడైనా కూర్చున్నవాళ్లకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. రైలు నాలుగు గంటలు ఆలస్యమని తెలిస్తే తిట్టుకుంటూనే ఇంటికెళ్లి పడుకుంటాం. "మరికొద్ది సేపట్లో" అన్న మాటతో మాత్రం అక్కడే కట్టుబడిపోతాం.

ఇక లెక్క. ఓపీ పది నుంచి ఒంటిగంట వరకు అనుకుందాం. ఒక్కొక్కరికి ఆరు నిమిషాల చొప్పున ముప్ఫై మందిని చూడొచ్చు. సరిగ్గా ముప్ఫై మందికే టోకెన్లిచ్చారు. అందరికీ చెప్పిన టైము ఒకటే: "పదింటికల్లా ఉండండి." డాక్టరు పదింటికే వచ్చి కూర్చున్నా, మొదటి మనిషి నేరుగా లోపలికి వెళ్తాడు, ముప్ఫయ్యో మనిషి 174 నిమిషాలు కూర్చుంటాడు. సగటున ఒక్కొక్కరికి 87 నిమిషాలు. డాక్టరు 10:40కి వస్తే ఆ నలభై నిమిషాలు ముప్ఫై మందికీ కలుస్తాయి. సగటు 127కి పోతుంది. అందరి నిరీక్షణా కూడితే 63 గంటల పైమాటే, ఒక్కొక్కరి వెంట ఒక్కరే తోడొచ్చారనుకున్నా 127 గంటలు. మూడు గంటల వైద్యానికి ఐదు పగళ్లూ ఐదు రాత్రుళ్లూ దాటిన నిరీక్షణ. రోజుకూలీ పోయింది, ఆటో ఖర్చు, పిల్ల స్కూలు మానేసింది. ఇవేవీ ఓపీ బిల్లులో పడవు. పడితే కన్సల్టేషన్ ఫీజు పక్కన ఆ అంకె ఎంత పెద్దగా కనిపిస్తుందో ఊహించుకోవచ్చు.

ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, ఈ లెక్కలో జనం ఎక్కువ కాలేదు, డాక్టరు తక్కువ కాలేదు. ముప్ఫై మందిని చూడగల చోట ముప్ఫై మందే ఉన్నారు. డాక్టరు ఆలస్యం పోను మిగతా నిరీక్షణంతా "పదింటికల్లా ఉండండి" అన్న రెండు ముక్కల్లోంచి పుట్టింది.

దీనికి మందు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. ఇంగ్లండ్‌లో నార్మన్ బెయిలీ అనే గణాంక శాస్త్రవేత్త 1952లోనే ఆసుపత్రి ఓపీ క్యూలను లెక్కగట్టి చూపించాడు. మొదట ఇద్దరిని రమ్మనాలి. ఆ తర్వాత ఒక్కో పేషెంటుకు సగటున ఎంతసేపు పడుతుందో అంత ఎడంతో ఒక్కొక్కరిని రమ్మనాలి. డాక్టరు ఖాళీగా కూర్చునే సమయం పెద్దగా పెరగదు, పేషెంట్ల నిరీక్షణ మాత్రం బాగా తగ్గుతుంది. ఆ గణితం మూలాలు ఇంకా వెనక్కి, 1909కి పోతాయి. కోపెన్‌హేగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్, ఫోన్ కాల్స్ రద్దీని లెక్కించే దారి కనిపెట్టిన ఏడాది అది. క్యూల శాస్త్రం పుట్టిందే టెలిఫోన్ లైన్ల దగ్గరన్నమాట. నూరేళ్లు దాటాక కూడా మన క్లినిక్ నంబరుకు పొద్దున ఏడింటి నుంచి తొమ్మిదింటి దాకా చేస్తే ఎంగేజ్ వస్తుంది. తొమ్మిదిన్నరకు ఎత్తి "టోకెన్లు అయిపోయాయండీ" అంటారు.

టైము ప్రకారం రమ్మంటే చాలు, అంతా సర్దుకుంటుందని కూడా అనలేం. ఒక పేషెంటు రెండు నిమిషాల్లో అయిపోతాడు, ఇంకొకరికి ఇరవై పడుతుంది. జబ్బులకు గడియారం తెలియదు. అలా ఎప్పుడు వస్తారో, ఎంతసేపు తీసుకుంటారో తెలియని చోట ఒక మామూలు క్యూ సూత్రం ప్రకారం, డాక్టరు సమయంలో 80 శాతం నిండితే ఒక్కొక్కరి సగటు నిరీక్షణ ఆరు నిమిషాల పేషెంట్ల లెక్కన 24 నిమిషాలు. 90 శాతం నిండితే 54. 95 శాతానికి 114. చివరి ఐదు శాతం దగ్గర నిరీక్షణ రెట్టింపు దాటిపోతుంది. డాక్టరు ఒక్క నిమిషం కూడా ఖాళీగా ఉండకూడదని పట్టుబట్టిన ప్రతి ఆసుపత్రీ ఆ ధర పేషెంట్ల చేత కట్టిస్తోంది. కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఓపీ సంఖ్య మీద డాక్టర్లకు నెలవారీ లెక్కలు నడుస్తాయి, హాల్లో కూర్చున్న గంటలకు లెక్కలుండవు.

డాక్టర్ల వైపు నుంచి చూస్తే కారణాలు లేకపోలేదు. పొద్దున వార్డులో రౌండ్స్, ఆపరేషన్ థియేటర్లో అనుకున్నదానికంటే ఎక్కువసేపు పట్టిన కేసు, రెండు మూడు ఆసుపత్రుల్లో డ్యూటీలు, మధ్యలో హైదరాబాద్ ట్రాఫిక్. కాన్పు కేసొచ్చి గైనకాలజిస్టు ఓపీ మధ్యలో లేచి వెళ్తే తప్పుపట్టేవాళ్లు ఎవరూ ఉండరు. హాల్లో ఉన్న ఆడవాళ్లే "పాపం, ఎలా ఉందో" అనుకుంటారు. ఇక్కడే అసలు విషయం బయటపడుతుంది. కారణం తెలిస్తే జనం ఓర్చుకుంటారు. కాన్పు సంగతి కూడా వాళ్లకు తెలిసేది ఆయాల గుసగుసల ద్వారానే. "మేడమ్ గంటలో వస్తారు, టిఫిన్ చేసి రండి" అని గట్టిగా చెప్పడానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

ఇంతా కూర్చుంటే లోపల దొరికేది ఎంత? 67 దేశాల్లో సాధారణ వైద్యుల కన్సల్టేషన్ నిడివి మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చేసిన సమీక్ష 2017లో వెలువడింది. బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో 22 నిమిషాల 30 సెకన్లు. మన దేశం రెండు నిమిషాల దగ్గర ఉంది. ఆ రెండు నిమిషాల్లో కొంత భాగం కవరుకు పోతుంది.

ఆ కవరు గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పెళ్లి బట్టలు కొన్న షాపు వాళ్లిచ్చిన దళసరి ప్లాస్టిక్ కవరు. అందులో మూడేళ్ల చీటీలు, అక్షరాలు వెలిసిపోయిన ఈసీజీ కాగితాలు, రెండు ఎక్స్‌రే ఫిల్ములు, ఎవరో ఆర్ఎంపీ రాసిచ్చిన ముక్క, ఖాళీ మాత్రల షీటు. పేరు గుర్తులేని మాత్రకు ఆ షీటే ఆధారం. డాక్టరు "పోయినసారి క్రియాటినిన్ ఎంతుంది?" అని అడుగుతాడు. కొడుకో కోడలో కవరంతా టేబుల్ మీద గుమ్మరిస్తారు. కాగితం దొరికేలోగా డాక్టరు బీపీ చూసేస్తాడు. దొరక్కపోతే "మళ్లీ చేయించండి" అంటాడు. ఈ కవరే మన వైద్య సమాచార వ్యవస్థ, దాన్ని మోసే పేషెంటే పోస్ట్‌మ్యాన్. అదే ఊళ్లో ఒక ల్యాబ్‌లో చేసిన పరీక్ష ఇంకో ఆసుపత్రికి తెలిసే దారి చాలామందికి ఇంకేదీ లేదు.

నిబంధన లేదా అంటే ఉంది. భారత వైద్య మండలి 2002 నైతిక నియమావళి ప్రకారం పేషెంటు అడిగితే 72 గంటల్లోగా రికార్డులివ్వాలి. కానీ మూడేళ్లపాటు భద్రపరచాలని అది చెప్పింది ఇన్‌పేషెంట్ల రికార్డుల గురించి. బెడ్ ఎక్కనివాళ్ల చరిత్ర ఎవరి దగ్గరుండాలో అందులో లేదు. అందుకే అది బీరువా మీద కవరులోకి చేరింది. 2016లో చేసిన సవరణ ప్రకారం మందుల పేర్లు చదవగలిగేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలి. ఆ పేర్లు ఇప్పటికీ ఎదురుగా ఉన్న మెడికల్ షాపు అబ్బాయే చదవగలుగుతున్నాడంటే సవరణ ఎంత దూరం నడిచిందో తెలుస్తుంది.

ఇక హాల్లో ఎవరికీ కనిపించని రెండో లైను. షుగర్ పేషెంటు సంగతి తీసుకోండి. రాత్రి నుంచి ఏమీ తినకుండా వచ్చి తినకముందు రక్తం ఇస్తాడు. ఇడ్లీ తిని రెండు గంటలాగి తిన్నాక రక్తం ఇస్తాడు. రిపోర్టుకు మరో గంట. ఈలోగా అతని టోకెన్ వచ్చి వెళ్లిపోయింది. "రిపోర్టులు రానివ్వండి, మధ్యలో పంపిస్తా" అంటాడు కాంపౌండర్. ఆ "మధ్యలో" అన్నదే రెండో లైను. నంబరు ఉండదు, పేరు ఉండదు, తలుపు దగ్గర నిలబడ్డవాళ్లదే రాజ్యం. పొద్దున చూపించుకుని స్కాన్‌కు వెళ్లొచ్చినవాళ్లు, వారంలోపు ఫీజు లేదు కదా అని రివ్యూకు వచ్చినవాళ్లు, "ఒక్క మాట అడిగి వచ్చేస్తా" అనేవాళ్లు అందరూ అక్కడే. టోకెన్లు ముప్ఫై ఇచ్చినా లోపలికి వెళ్లేది అరవై సార్లు. ఇరవయ్యో నంబరు మనిషి తన ముందు పంతొమ్మిది మందే ఉన్నారనుకుని కూర్చుంటాడు. ఎందుకు కదలడంలేదో అతనికి అంతుపట్టదు. తిన్నాక ఇచ్చిన రక్తం ఫలితంలో తేడా లేదని చెప్పడానికి మనిషి లోపలికి వెళ్లాలా? ఆ రిపోర్టు సాయంత్రం ఫోన్లో చూసి "మందులు అవే వాడండి" అంటే రెండో లైను సగం తగ్గుతుంది. కేంద్ర ఆరోగ్యశాఖ 2020 మార్చి 25న విడుదల చేసిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఫోన్, వీడియో, మెసేజ్ ద్వారా సలహా ఇవ్వడానికి దారి తెరిచే ఉంచాయి. అయితే ఫోన్లో చెప్పిన మాటకు ఫీజు అడగడం ఇక్కడ డాక్టరుకు మొహమాటం, ఇవ్వడం పేషెంటుకు అలవాటు లేదు. ఫీజు లేని పని వాయిదా పడుతుంది.

ఆసుపత్రులకు సెల్‌ఫోన్ వాడటం తెలియదని ఎవరూ అనలేరు. ఒకసారి నంబరు ఇచ్చినవాళ్లకు పుట్టినరోజు శుభాకాంక్షలు, ఫుల్ బాడీ చెకప్ మీద పండగ డిస్కౌంటు, కొత్త బ్రాంచి ప్రారంభోత్సవం అన్నీ వాట్సాప్‌లో వస్తాయి. డబ్బులు ఫోన్‌పేలో తీసుకుంటారు. "డాక్టరు గారు ఈరోజు గంట ఆలస్యం" అన్న మెసేజ్ మాత్రం రాదు. వచ్చే మెసేజులు కూడా ఇంగ్లిష్‌లో, ఎక్కడో లింకు నొక్కితే తెరుచుకునేలా ఉంటాయి. చదవాల్సింది అరవై ఐదేళ్ల తల్లి. ఆమె ఆ మెసేజ్‌ను అలాగే డల్లస్‌లో ఉన్న కొడుక్కి పంపుతుంది. అక్కడ అర్ధరాత్రి. రిపోర్టును మంచం మీద పరిచి, ట్యూబ్‌లైటు వెలుగు మెరిసేలా తీసిన ఫొటో కూడా వెనకే వెళ్తుంది. "అమ్మా, కింద కట్ అయింది, మళ్లీ తియ్యి" అని పొద్దున్నే జవాబు.

ఆ కొడుకు ఉన్నచోట పరిస్థితి అద్భుతమేమీ కాదు. అమెరికా డాక్టర్ల ఆఫీసుల్లో ఫ్యాక్స్ మిషన్ ఇప్పటికీ బతికే ఉంది. 2009లో హైటెక్ చట్టం తెచ్చి, కంప్యూటర్ రికార్డుల కోసం ఆ దేశం వేలకోట్ల డాలర్లు ఖర్చు పెట్టింది. తీరా ఒక ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ ఇంకో ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడలేదు. రెండింటికీ అర్థమయ్యే భాష ఫ్యాక్స్ ఒక్కటే మిగిలింది. బ్రిటన్ ప్రభుత్వం 2019 జనవరి నుంచి తమ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్ఎస్‌లో కొత్త ఫ్యాక్స్ మిషన్లు కొనొద్దని, 2020 మార్చి ఆఖరుకల్లా పాతవి కూడా వదిలించుకోవాలని ఆదేశించాల్సి వచ్చింది. అమెరికాలో 2021 ఏప్రిల్ నుంచి పరీక్ష ఫలితాలను పేషెంటుకు దాచకుండా వెంటనే అందుబాటులో ఉంచాలన్న నిబంధన నడుస్తోంది. డాక్టరు చూడకముందే పేషెంటు తన రిపోర్టు చూసుకుని నిద్ర చెడగొట్టుకోవడం దాంతో వచ్చిన కొత్త బాధ. పైగా అక్కడ స్పెషలిస్టు అపాయింట్‌మెంటుకు వారాలు పడుతుంది. సెలవులకు ఇండియా వచ్చినప్పుడే పళ్లూ కళ్లూ చూపించుకుని వెళ్లే తెలుగువాళ్లు అందుకే అంతమంది. ఇక్కడి నిరీక్షణ కుర్చీలో, అక్కడిది క్యాలెండర్‌లో. పొద్దున అనుకుని మధ్యాహ్నానికి గుండె డాక్టరును చూడగలగడం చిన్న సౌకర్యం కాదు. మన క్యూను తిట్టేముందు అది గుర్తుంచుకోవడం న్యాయం.

మరి, ఒక్క ముక్క చెప్పడానికి అడ్డేమిటి? మొదటిది జనంలోనే ఉంది. మనకు "హస్తవాసి" అన్న మాటుంది. హస్తవాసి మంచిదన్న డాక్టరు దగ్గర జనం ఉంటారు, జనం ఉన్న డాక్టరుకే హస్తవాసి ఉందనుకుంటాం. ఖాళీ హాలు కనబడితే గుమ్మంలోనే అనుమానం వస్తుంది. నిండిన హాలు పైసా ఖర్చులేని ప్రకటన. అందరినీ వాళ్ల వాళ్ల టైముకు రమ్మంటే ఏ వేళ చూసినా ఆరుగురే కనిపిస్తారు. ఏ డాక్టరూ ఇలా ఆలోచించి ప్లాన్ వేయడు, నిజమే. కానీ జనాన్ని పలచబరచమని తొందరపెట్టే కారణం కూడా అతనికి లేదు. పైగా "మీకు మూడవుతుంది" అని నిజం చెబితే కొందరు పక్క సందులో ఇంకో బోర్డు కిందికి వెళ్లిపోతారు. "ఇంకో ఇద్దరే" అంటే ఎవరూ కదలరు.

రెండోది కాంపౌండర్ కుర్చీ. వరస ఎవరికీ కనబడకపోవడమే అతని హోదా. ఎమ్మెల్యే గారి మనిషి, డాక్టరు గారి ఊరివాళ్లు, రిఫర్ చేసిన ఆర్ఎంపీ వెంటబెట్టుకొచ్చిన కేసు, చేతిలో ఏదో పెట్టినవాళ్లు, వీళ్లందరినీ మధ్యలో దూర్చాలంటే వరస అతని నోట్‌బుక్‌లోనే ఉండాలి. టీవీలో 21 తర్వాత 22 వచ్చితీరుతుందంటే 35ను లోపలికి పంపడం కుదరదు. ఇరవై మంది ఒకేసారి లేస్తారు. ఆ టీవీలో నంబర్లకు బదులు ప్రకటనలెందుకు వస్తున్నాయో ఇప్పుడర్థమవుతుంది. నిజంగా ఆయాసంతో వచ్చినవాళ్లను ముందు పంపాల్సి వస్తుంది, పంపాలి కూడా. అలాంటప్పుడు హాల్లో ఎవరూ అడ్డు చెప్పరు. చీకట్లో జరిగేవాటి వల్ల ఆ న్యాయమైన ముందు వరస మీద కూడా అనుమానం పడుతోంది.

పేషెంట్ల వాటా కూడా కొంత ఉంది. రెండు క్లినిక్‌లలో టోకెన్ తీసుకుని ఎక్కడ ముందయితే అక్కడికి వెళ్లేవాళ్లు, పదకొండుకు రమ్మంటే ఎందుకైనా మంచిదని తొమ్మిదికే వచ్చేవాళ్లు, రాలేకపోతే ఫోన్ చేసి చెప్పనివాళ్లు. నలుగురు రారన్న లెక్కతో క్లినిక్ నలుగురికి ఎక్కువ టోకెన్లిస్తుంది. ఆరోజు అందరూ వస్తారు. ఎవరూ టైము పాటించని చోట టైముకు వచ్చినవాడే వెర్రివాడు.

ప్రభుత్వాసుపత్రుల్లో కొంత కదలిక వచ్చింది, అదీ ఒక చివర్నే. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ మొదలైంది. దానికింద ఒక మనిషి ఆరోగ్య రికార్డులన్నిటినీ కలిపే పద్నాలుగంకెల ఆభా నంబరు, 2022 అక్టోబరులో ఢిల్లీ లేడీ హార్డింజ్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఆరంభమైన స్కాన్ అండ్ షేర్ వచ్చాయి. గోడమీది క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే పేరు, వయసు, చిరునామా కౌంటర్‌కు చేరిపోయి ఓపీ టోకెన్ ఫోన్లోకి వస్తుంది. ఓపీ చీటీ రాయించుకోవడానికి తెల్లారుజామున వచ్చి నిలబడే లైను దీంతో నిజంగానే చిన్నదవుతుంది. కీప్యాడ్ ఫోనున్న ముసలివాళ్లకు ఎవరో ఒకరు పక్కన నిలబడి చేసిపెట్టాలి. కానీ అక్కడితో సరి. చీటీ త్వరగా చేతికొచ్చిన మనిషి డాక్టరు గది ముందు ఆ మిగిలిన సమయమంతా కూర్చుంటాడు. లైను తగ్గలేదు, గుమ్మం మారింది. ఊళ్లోని ఆరోగ్య కేంద్రం నుంచే పెద్దాసుపత్రి డాక్టరుతో వీడియోలో మాట్లాడించే ఈ-సంజీవని వల్ల కొన్ని ప్రయాణాలు తప్పాయి. ఆ కన్సల్టేషన్ల సంఖ్యలో ఆంధ్రప్రదేశ్ చాలాకాలం దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. ప్రయాణం తప్పించడం నిరీక్షణ తగ్గించడానికి అన్నిటికంటే సూటి దారి, దానికి రావాల్సినంత పేరు రాలేదు.

చిన్న క్లినిక్‌కు ఇవేవీ అక్కర్లేదు. తలుపు పక్కన ఒక బోర్డు, ఒక సుద్దముక్క: "సార్ 11కి వస్తారు. ఇప్పుడు నడుస్తున్న నంబరు 14." గంటకోసారి ఆ నంబరును వాట్సాప్ స్టేటస్‌లో పెడితే బస్టాండులో ఉన్నవాళ్లకూ తెలుస్తుంది. టోకెన్ మీద "10" అని అందరికీ కొట్టే బదులు అరగంటకు నలుగురి చొప్పున రాయడం. రిపోర్టులు చూపించేవాళ్లకు ప్రతి గంటలో చివరి పది నిమిషాలు కేటాయించి, ఆ మాట గోడమీద రాయడం. కవరులోని కాగితాల్ని హాల్లోనే ఒక నర్సు తేదీల ప్రకారం సర్ది పైన నాలుగు ముక్కలు రాసిపెడితే లోపలి రెండు నిమిషాలు రెండు నిమిషాలుగానే మిగులుతాయి. హైదరాబాద్‌లో తన బస్సు ఎక్కడుందో చెప్పే గమ్యం యాప్‌ను ఆర్టీసీ 2023లో తెచ్చింది. కదిలే బస్సు సంగతే చెప్పగలిగినప్పుడు, కదలని లైను సంగతి చెప్పలేకపోవడం సాంకేతిక సమస్య కాదు.

ఆలస్యాన్ని ఎవరైనా కొలుస్తున్నారా అంటే, అదీ లేదు. 2023 జనవరిలో కేంద్రం ఆసుపత్రులకు మొదలుపెట్టిన డిజిటల్ హెల్త్ ప్రోత్సాహకం ఆభాతో ముడిపడిన రికార్డుల సంఖ్య చూసింది. కార్పొరేట్ ఆసుపత్రి ఫీడ్‌బ్యాక్ ఫారంలో శుభ్రత, మర్యాద, పార్కింగ్ అన్నిటికీ చుక్కలుంటాయి. ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి చూశారు అన్న గడి ఉండదు. కొలవడం కష్టమా అంటే, ఆ రెండు అంకెలూ ఇప్పటికే అచ్చయి ఉన్నాయి. ఓపీ బిల్లు మీద పైన కుడివైపు తేదీ పక్కన 9:42 అని ఉంటుంది. డాక్టరు గదిలోంచి నేరుగా వెళ్లి మందులు కొన్న బిల్లు మీద 1:17. రెండూ ఆ బట్టల షాపు కవర్లోనే ఉంటాయి.